ఇచ్చిన నీళ్లు వెనక్కి అడిగిన రోజు

ఉద్దానం పక్కనున్న మూడు చిన్న పట్టణాలవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే, మొదటి వంతు మా ఊరికే దక్కేలా బేరం నెగ్గినవాణ్ణి నేను. మిగతా ఇద్దరూ తాము ఓడిపోయామని కూడా అనుకోలేదు. లేచి నా చేయి పట్టుకుని ఊపి, వాళ్ల డబ్బులతో టీ తెప్పించి మరీ వెళ్లారు. నా సర్వీసు మొత్తంలో అంత శుభ్రమైన బేరం ఇంకొకటి లేదు. అంత చెడ్డ నిర్ణయం కూడా ఇంకొకటి లేదు.

ఊళ్ల పేర్లు రాయను, మనుషుల పేర్లూ రాయను. పలాస నుంచి టెక్కలి వెళ్లే బస్సులో ఎవర్ని కదిపినా చెప్పేస్తారు, అది వేరే సంగతి. మాది జీడి మిల్లుల ఊరు అనుకోండి. రెండోది హైవే మీది ఊరు. మూడోది సముద్రం పక్క ఊరు. ఇప్పుడిప్పుడే ఇంజనీర్లుగా, సూపర్‌వైజర్లుగా చేరుతున్న పిల్లలకు ఈ ముక్క పనికొస్తుందని రాస్తున్నాను. పనికిరాకపోయినా నవ్వుకోవడానికి ఉంటుంది.

మాది కిరాణా కొట్టు. మా నాన్న సోలతో బియ్యం కొలిచాక పైన ఒక గుప్పెడు కొసరు వేసేవాడు. కొలతలో ఆ గుప్పెడు ముందే తగ్గించుకునేవాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. జనానికి కొలత గుర్తుండదు, గుప్పెడే గుర్తుంటుంది. అలాంటి ఇంట్లో పుట్టి నేను పురపాలక నీటి విభాగంలో చేరాను. పంపుల దగ్గర ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్. ఉద్యోగం వచ్చిందని చెబితే మా నాన్న అడిగిన మొదటి మాట, "నీల్లు అమ్మరు కదరా, నీకక్కడ పనేటి?"

పని ఉంది. ఊరి కరెంటు బిల్లు అనగానే అందరికీ వీధిదీపాలు గుర్తొస్తాయి. మా బిల్లులో పెద్ద ముక్క పంపులది. ఆ పంపులు నాకంటే సీనియర్లు. మోటారు కాలినప్పుడల్లా మళ్లీ వైండింగ్ చుట్టించి ఎక్కించేవాళ్లం. లోపల రెక్కలు అరిగిపోయాయి. ముసలి ఎద్దులాగ మేత మాత్రం రెట్టింపు, లాగేది సగం. ఈ సంగతి ఏళ్ల తరబడి పైకి రాస్తూనే ఉన్నాను, పైవాళ్లు చదువుతూనే ఉన్నారు.

అలాంటి రోజుల్లో విశాఖపట్నం నుంచి వాతావరణం మీద పనిచేసే ఒక సంస్థవాళ్లు వచ్చారు. గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. కరెంటు ఎంత కాలిస్తే బొగ్గు అంత కాలుతుంది, గాలి అంత వేడెక్కుతుంది, మన తుపాన్లు అంత బలుస్తాయి. తుపాను మాట రాగానే గదిలో ఎవరూ ఆవలించలేదు. మా జీడితోటలు, కొబ్బరితోటలు ఒక్క రాత్రిలో నేలమట్టం కావడం చూసిన కళ్లే అందరివీ.

వాళ్ల షరతు ఇది. మూడు ఊళ్లూ కలిసి ఒప్పందం రాసుకుంటే, ఒక ఊరికి కొత్త పంపులు వాళ్లు ఇస్తారు. ఆ ఊరికి కరెంటు బిల్లులో మిగిలింది ఉమ్మడి ఖాతాలో వేయాలి. దాంతో రెండో ఊరికి పంపులు. ఆ రెండు ఊళ్ల మిగులుతో మూడో ఊరికి. వాళ్లు దీనికి పొడుగాటి పేరేదో పెట్టారు. నేను మాత్రం విన్న వెంటనే పోల్చుకున్నాను: ఇది చీటీ. చీటీలో ముందు ఎత్తుకున్నవాడే దొర.

మా ముగ్గుర్నీ మాట్లాడుకోమన్నారు. హైవే ఊరి తరఫున వచ్చినవాడు నా ఈడువాడే, ఫిట్టరుగా చేరి పైకొచ్చాడు. నన్ను బావా అంటాడు, చుట్టరికం ఏమీ లేదు. సముద్రం ఊరి తరఫున ఒక చిన్న ఇంజనీరమ్మ. ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు.

"సార్, మాకు రోజు విడిచి రోజు నీళ్లు," అందావిడ. "అది కూడా కాసేపే. ఎక్కువ సేపు తిప్పితే బిల్లు కట్టలేం. ఉప్పుగాలికి పంపులు కూడా పాడైపోయాయి. మొదటి వంతు మాకిస్తే బాగుంటుంది."

న్యాయంగా చూస్తే అక్కడితో అయిపోవాలి. నేను ఊరుకుంటానా?

"అమ్మా, మీ పంపులు చిన్నవి. మీకు మిగిలేది చిన్న ముక్క. దాంతో రెండో ఊరికి ఎప్పటికి కొంటాం? మావి పెద్దవి. మాకు ముందు వేస్తే మిగులు పెద్దది, మీ వంతు తొందరగా వస్తుంది. నేను మా ఊరి కోసం మాట్లాడట్లేదు, మీ ఊరి కోసమే మాట్లాడుతున్నాను."

అబద్ధం కాదు చూడండి, లెక్క ప్రకారం అదే నిజం. నిజంతో బేరమాడితే వచ్చే సుఖం వేరు. హైవే బావ తల ఊపాడు. "రెండోది అమ్మాయికి ఇచ్చీద్దాం, నాను ఆకరున తీసుకుంతాను, నాకేటి తొందర."

ఆవిడ కాసేపు కాగితం మీద లెక్క వేసుకుంది. "వచ్చే ఎండలనాటికి మా వంతు వస్తుందా సార్? వస్తుందంటే మా పేటలో చెప్పేస్తాను."

"చెప్పెయ్యమ్మా. నాది పూచీ."

పూచీ అన్న మాట మా కొట్టులో మా నాన్న ఎవరికీ ఇచ్చేవాడు కాదు. నేను టీ తాగుతూ ఇచ్చేశాను.

పంపులు వచ్చాయి. మొదటిసారి స్విచ్ వేసినరోజు పంపు తిరుగుతోందో లేదో చెవి పెట్టి వినాల్సి వచ్చింది, అంత చప్పుడు లేకుండా తిరిగింది. ట్యాంకు మాత్రం పాత పంపుకి పట్టే సమయంలో సగానికి కాస్త అటూ ఇటూగా నిండిపోయింది. నా గుండె ఎంత పొంగిందో ఆ ట్యాంకుకే తెలియాలి.

అక్కడే నాలోని కిరాణావాడు నిద్రలేచాడు.

ముందు ఒక వార్డు మెంబరు వచ్చాడు. వాళ్ల వీధిలో అమ్మవారి సంబరం, చుట్టాలొస్తారు, ఒక అరగంట ఎక్కువ నీళ్లు వదలమన్నాడు. వదిలాను. సంబరం అయిపోయింది, అరగంట అలాగే ఉండిపోయింది. పక్క వార్డువాళ్లు ఊరుకుంటారా? వాళ్లకీ అరగంట. తరవాత ఎవరూ అడక్కుండానే నేనే ఇవ్వడం మొదలుపెట్టాను. "కొత్త పంపులు బాబూ, కరెంటు తినవు, తీసుకోండి." పొద్దున్న నీళ్లకు తోడు సాయంత్రం నీళ్లు కూడా వచ్చాయి. నేను బజారులో నడుస్తుంటే కొట్లవాళ్లు పిలిచి కుర్చీ వేసేవారు. టీ డబ్బులు ఎవరూ తీసుకునేవారు కాదు. ఊరందరికీ గుప్పెడు గుప్పెడు వేస్తున్నాను, కొలతలో ముందే తగ్గించుకోవాలన్న సంగతి మరిచిపోయాను.

బిల్లు వచ్చింది. పాత ఏడాది అదే నెల బిల్లు పక్కన పెట్టి చూశాను. కవల పిల్లల్లా ఉన్నాయి. మీటరు తప్పేమో అనుకున్నాను. మీటరు సరిగ్గానే ఉంది. మరుసటి నెలా అంతే, ఆ మరుసటి నెలా అంతే. పంపు తక్కువే తింటోంది, నేను ఎక్కువ సేపు తినిపిస్తున్నాను. ఉమ్మడి ఖాతాలో వేయడానికి చెప్పుకోదగ్గ మిగులు లేదు.

మూడు ఊళ్ల సమావేశం టెక్కలిలో పెట్టుకున్నాం, అందరికీ మధ్యలో ఉంటుందని. నేను బిల్లులు బల్ల మీద పెట్టాను. హైవే బావ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి బావా ఇది? సీటీ ఎత్తీసి ఊరొదిలి ఎల్లిపోనోడి పన్లాగున్నాది."

"ఊరొదల్లేదు కదా, ఎదురుగానే కూర్చున్నాను," అన్నాను, నవ్వించడానికి. ఎవరూ నవ్వలేదు.

ఇంజనీరమ్మ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సుఖంగా ఉండేది, గొంతు పెంచినవాళ్లతో నేను బాగా బేరమాడతాను.

"సార్, పేటలో మాటిచ్చింది నేను," అంది. "వాళ్లకి మీరు తెలీదు. మీ ఊరు తెలీదు. ఎండలొచ్చాక వాళ్లు నా మొహం చూస్తారు. ఇక మీదట నేను ఏం చెప్పినా నమ్మరు. నీళ్లు ఇంకోసారి తెచ్చుకోవచ్చు సార్, అది తెచ్చుకోలేను."

ఆ రోజు బస్సులో నాకు సీటు దొరికింది, కూర్చోబుద్ధి కాలేదు.

ఇక మిగిలిన దారి ఒకటే. ఊళ్లో ఇచ్చిన కొసరు వెనక్కి తీసుకోవాలి. సోలలో వేసిన గుప్పెడు తిరిగి తీసుకున్న కొట్టువాడు నేను ఎరిగినంతలో లేడు. మెంబర్ల దగ్గరికి వెళ్లాను. "అరగంట కాదు, పావుగంట వెనక్కివ్వండి," అని మొదలుపెట్టి పది నిమిషాల దాకా దిగాను. ఒక్కరూ కదల్లేదు. కుర్చీలు వేసినవాళ్లే కుర్చీలు లోపల పెట్టేసుకున్నారు.

చివరికి జీడి మిల్లులో పిక్కలు కొట్టే ఆడవాళ్ల వీధికి వెళ్లాను. ఆ వీధిలో పెద్ద దిక్కు ఒక ఆవిడ. జీడి పాలు తగిలి వేళ్లు నల్లబారి ఉంటాయి, మాట మాత్రం తెల్లగా ఉంటుంది. నేను చెప్పిందంతా విని చేతులు దులుపుకుంది.

"ఇచ్చినోడివి నువ్వు. అడిగినోల్లమా మేం? సాయంత్రం నీల్లు రాకముందు మేం బతకలేదేటి?"

"అందుకే అమ్మా, వెనక్కిచ్చేయమని..."

"ఎవులికోసం? సముద్రంకాడి ఊరోల్లకి నీల్లు లేవని నువ్వు సెప్తన్నావు. నీ మాట మీద ఇచ్చీమంటావా? నీ మాట మీదే కదా ఆ అమ్మాయి ములిగిపోనాది!"

నాకొక ఆలోచన వచ్చింది. "అయితే వచ్చి చూడండి," అన్నాను.

"కూలి పోతాది."

"ఆదివారం మిల్లు సెలవే కదా."

"ఆటో కిరాయి ఎవులిత్తారు?"

"నేనిస్తాను."

"టిపినో?"

బేరం అంటే ఏమిటో నాకు తెలుసనుకునేవాణ్ణి. టిఫిను, దారిలో కొబ్బరిబొండాలు, తిరుగు ప్రయాణంలో ఎండు చేపలు కొనుక్కోవడానికి ఒకచోట ఆపడం, ఇన్నింటికి ఒప్పుకున్నాకే ఆవిడ వీధిలోంచి, పక్క వీధుల్లోంచి ఆడవాళ్లు రెండు ఆటోల్లోకి ఎక్కారు.

ఆ ఆదివారం సముద్రం ఊళ్లో నీళ్ల రోజు. మేము దిగేసరికి కుళాయి దగ్గర బిందెల వరస వంకర తిరిగి ఎండు చేపలు ఆరబెట్టిన దిబ్బల దాకా ఉంది. ఇంజనీరమ్మకు ముందే ఫోన్ చేశాను, ఆవిడ అక్కడే ఉంది. మమ్మల్ని చూసి పలకరించబోతుంటే ఒక ముసలమ్మ బిందె దించి ఆవిడ దారికి అడ్డం నిలబడింది.

"ఏమ్మా ఇంజినీరూ, ఎండలు వచ్చీసినాయి. నీ పంపులేవి?"

"ఆలస్యమైంది పెద్దమ్మా. నాదే తప్పు. తొందరపడి చెప్పేశాను."

నేను గొంతు సవరించుకున్నాను. నాకంటే ముందే మా జీడి మిల్లు ఆవిడ అందుకుంది.

"నీది కాదమ్మా తప్పు. ఇదిగో, తెల్ల సొక్కా ఏసుకున్నాడు సూడు, ఈ పెద్దమడిసిది. మీ పంపుల సొమ్ముతోటి మా ఊరంతా సాయంత్రప్పూట నీల్లు పోయించి దరమపెబువు అనిపించుకున్నాడు."

వరసలో అందరూ నా వైపు తిరిగారు. ఎండ ఎక్కువగా ఉందనుకుంటాను, చొక్కా తడిసిపోయింది.

"అవును," అన్నాను. "నాదే."

ముసలమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "దరమపెబువైతే బిందె ఎత్తు బాబూ," అంది.

ఎత్తాను. వాళ్లింటిదాకా మోశాను. అది ఉద్యోగ ధర్మంలో ఉందో లేదో నాకు తెలియదు. తిరిగి వచ్చేసరికి కుళాయి దగ్గర రెండు ఊళ్ల ఆడవాళ్లూ నేల మీద కూర్చుని ఉన్నారు. అక్కడ జరిగినంత గట్టి బేరం పలాస మార్కెట్టులో కూడా నేను చూడలేదు.

"సాయంత్రం నీల్లు ఒగ్గీత్తాం," అంటోంది మా మిల్లు ఆవిడ. "పొద్దున్న నీల్లలో సుక్క ఇవ్వం. పొద్దున్నే మిల్లుకెల్లాలి, వొంటాలి, పిల్లల్ని బడికంపాలి."

"పొద్దున్న మాకెందుకమ్మా, మీ నీల్లు మాకు వత్తాయేటి?" అంది ముసలమ్మ. "మీరు ఆపితే ఆ సొమ్ము వత్తాది. సంబరాలప్పుడు కూడా ఆపుతారా?"

"సంబరం ఒక్కరోజే. దానికి పేచీ పెట్టకు."

"సంబరం ఒక్కరోజేనంటే ఒక్కరోజే. మర్నాడు కట్టీయాల."

"కట్టీత్తాం. మీ పంపులొచ్చినాక మీరూ ఇలాగే సాయంత్రం పోసుకుంటే?"

హైవే ఊరి వంతు ఆ తరవాత ఉందని ఇంజనీరమ్మ చెప్పింది. ముసలమ్మ ఆలోచించి, "మా మీటరు మీరొచ్చి సూసుకోండి," అంది. "మీ మీటరు ఈ అమ్మాయి సూత్తాది. ఎవులి మీటరు ఆల్లు సూసుకుంటే ఇదిగో, ఇలాగే ఉంతాది." నా వైపు చూపించిన వేలు మళ్లీ దింపలేదు.

నేను సంతకం పెట్టాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు.

ఆ రాత్రికే మా ఊళ్లో సాయంత్రం నీళ్లు ఆగిపోలేదు. మిల్లు ఆవిడా, ఆటోల్లో వచ్చినవాళ్లూ వీధి వీధికీ తిరిగారు. మెంబర్లు నా మాట వినలేదు గానీ, తమ వీధి ఆడవాళ్లే వచ్చి కట్టెయ్యమంటే కాదనడానికి వాళ్లకు వీల్లేకపోయింది. ఒక వార్డు, తరవాత ఇంకో వార్డు. ఒక వీధిలో మాత్రం ఒక పెద్దాయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన ఇంటి పెరట్లో సాయంత్రం నీళ్లతో అరటి వేసుకున్నాడట.

మరుసటి బిల్లు చూసినప్పుడు నేను ఆఫీసులో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పాత ఏడాది కాగితం పక్కన కొత్త కాగితం చిన్నబోయి ఉంది. దాన్ని పట్టుకుని, మిగతా ఇద్దర్నీ రమ్మని టెక్కలి వెళ్లాను. ఫోన్‌లో ఫోటో పంపితే సరిపోతుందని ఇంజనీరమ్మ అంది. సరిపోదు, చేతిలో పెట్టాలి అన్నాను.

ఆ ముసలమ్మ చెప్పిన పద్ధతే మూడు ఊళ్ల ఒప్పందంలోకి ఎక్కింది. మా మీటరు ఇంజనీరమ్మ చూసేది, ఆవిడది హైవే బావ, బావది నేను. ఇంకొకళ్ల ఊరి పంపు గదిలోకి వెళ్లినప్పుడు మన కళ్లు ఎంత బాగా పనిచేస్తాయో మీరు కూడా ఒకసారి చూడండి. బావ పంపు గదిలో పనిలేకుండా వెలుగుతున్న దీపాలు, కారుతున్న వాల్వు నేనే పట్టుకున్నాను. "బావా, నీ ఊరి దొంగబుద్ది ఇక్కడ పనికొచ్చిందిరోయ్," అని వాడు సంబరపడ్డాడు. తరవాత తరవాత ఒడిశా సరిహద్దు వైపు ఊళ్లవాళ్లు కూడా మా పద్ధతి చూడ్డానికి వచ్చారు. వాళ్లకు మీటర్ల సంగతి నేను చెప్పేవాణ్ణి. నీళ్ల సంగతి చెప్పడానికి మిల్లు ఆవిణ్ణే పిలిచేవాళ్లం. టిఫిను షరతు ఆవిడ ఎవరికీ సడలించలేదు.

సముద్రం ఊరికి పంపులు వచ్చాయి, కానీ ఆ ఎండలకు అందలేదు. వానలు పడ్డాక వచ్చాయి. ఆ ఎండాకాలం మా ఊరి నుంచి ట్యాంకర్లతో నీళ్లు పంపించాను. డీజిలు కాల్చుకుంటూ నీళ్లు మోయించడం ఎలాంటి పొదుపో నాకు తెలుసు, బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్లకి అది చెప్పే ధైర్యం లేదు. పంపులు తిప్పినరోజు ఇంజనీరమ్మ నన్ను పిలిచింది. స్విచ్ ముసలమ్మ చేత వేయించింది. అప్పుడు ఇంజనీరమ్మ మొహం చూసి పేటవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు, నాకు మాత్రం నా ఉద్యోగం మీద గౌరవం కలిగింది. హైవే బావకి కూడా తన వంతు వచ్చింది. ఆఖరున తీసుకుంటానన్నవాడు ఆఖరునే తీసుకుని, ఎవరితోనూ మాట పడకుండా బయటపడ్డాడు. మా ముగ్గురిలో తెలివైన బేరగాడు వాడేనని ఇప్పుడు అనిపిస్తుంది.

నేను రిటైరయ్యాను. ఈమధ్య ఇంజనీరమ్మ పలాస స్టేషన్‌లో బండి కోసం ఆగానని ఫోన్ చేస్తే వెళ్లాను. ఇప్పుడు పెద్ద పోస్టులో ఉంది. మాట్లాడుకుంటుంటే ఎదురు లైన్లో బొగ్గు గూడ్సు ఒకటి వచ్చింది, తెగని బండి.

"అమ్మా, మన మూడు ఊళ్లూ ఏడాదికి మిగిల్చే కరెంటుకి బొగ్గు ఎంత ఆగినట్టు? ఈ బండంత ఉంటుందా?"

ఆవిడ ఫోన్‌లో ఏవో గుణించింది. "బండంతా కాదు సార్. ఇంజను వెనకాల కొన్ని పెట్టెలు. వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు."

"ఇంకో రెండు కలపకూడదూ?"

"కుదరదు. అసలు ఆ మొదటి ఏడాది లెక్కలో మీ ఊళ్లో ఊరికే కాలిన నెలలు, ట్యాంకర్ల డీజిలు తీసెయ్యాలి. ఒక పెట్టె పోతుంది."

"సగం పెట్టె."

"ఒకటి సార్."

సరేనన్నాను. బండి చివరి పెట్టె దాటేదాకా ఇద్దరం చూశాం. ఆగిన పెట్టెలు మూడు ఊళ్లవి, అందులో తగ్గిన ఒకటి నాది. ఇక ఎండలో బిందెలతో నిలబడ్డ ఆ వేసవి ఒకటి ఉంది. దానికి ఎన్ని పెట్టెలు తీసెయ్యాలో ఆవిడకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. బేరమాడకుండా దాన్ని నా పేరునే ఉంచమన్నాను.